గడియ చదువు, జాము పరీక్ష

భారతీయ కాలగణనలో ఒక పగలూ ఒక రాత్రీ కలిసిన అహోరాత్రాన్ని 60 భాగాలు చేస్తే వచ్చే ఒక్కొక్క భాగానికి ఘటిక అని పేరు. ఆ మాటే జనం నోట ఘడియగా, గడియగా మారి, గోడకు వేలాడే యంత్రానికి గడియారమన్న పేరును కూడా ఇచ్చింది. నేటి లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు, రెండు గడియలు ఒక ముహూర్తం, ఏడున్నర గడియలు ఒక జాము, అంటే సరిగ్గా మూడు గంటలు. పంచాంగం చూసేవారికి తప్ప తక్కినవారికి అక్కరలేనివైపోయిన ఈ కొలతలు, పరీక్ష ముంచుకొచ్చి, చదవవలసింది కొండంత మిగిలి, పుస్తకం ముందు కూర్చున్నా మనసు కుదరని విద్యార్థికి ఏ విధంగా అక్కరకు వస్తాయో పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం. ఆ పరిశీలనకు ఎంచుకున్న చోటు గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ నగరం.

సూరత్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి చేనేత పని సన్నగిల్లిన కాలంలో బతుకుతెరువు వెదుక్కుంటూ భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు వలస వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు, వారితో పాటు ఇతర కులాల వారూ, సూరత్‌లో లింబాయత్, ఉధనా వంటి పేటలలో తరాలుగా స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థకు చెందిన ప్రాథమిక శిక్షణ సమితి గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది. ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, బజారులో గుజరాతీ, పై చదువులో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య ఒక పాఠాన్ని పట్టుకోవలసిన పిల్లకు గానీ పిల్లవాడికి గానీ ఏకాగ్రత అన్నది సుభాషితాలలో కనిపించే సద్గుణంగా కంటే, కుళాయి నీళ్ళలా వచ్చినప్పుడు పట్టుకోవలసిన వస్తువుగా అనుభవంలోకి వస్తుంది.

ఆ అనుభవానికి ఇంటి అమరికే మొదటి కారణం. మరమగ్గాన్ని అక్కడి తెలుగువారు సాంచె అంటారు. సాంచెల మీద పని సాధారణంగా 12 గంటల పాళీలలో, పగటి పాళీ, రాత్రి పాళీ అని నడుస్తుంది. రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి పగలు పడుకుంటాడు, కాబట్టి ఒకే గది ఉన్న ఇంట్లో పగలు బిగ్గరగా చదవడానికి వీలుండదు. తల్లి చీరలకు లేసు కుట్టడమో, రాళ్ళు అంటించడమో, వేలాడే దారాలు కత్తిరించడమో ఇంటి దగ్గరే చేస్తుంటుంది గనుక చీరల కట్టలు విప్పినప్పుడు కూర్చునే జాగా కూడా తగ్గిపోతుంది. నీళ్ళు వచ్చే వేళ, చిన్నపిల్లలు బడి నుంచి వచ్చే వేళ, చీరల లెక్క అప్పజెప్పే వేళ, ఇలా రోజంతా చిన్న చిన్న తునకలుగా తెగిపోయి ఉంటుంది. ఇటువంటి ఇంట్లో ‘నాలుగు గంటలు ఎవరూ కదిలించకండి’ అని అడగటం అసాధ్యం, అడిగినా అది ఎవరూ మన్నించలేని కోరిక. అదే ఇంట్లో ఆడపిల్ల ‘జెర ఈ గడియ ఒడువనియ్యే అమ్మా’ అని అంటే, గడియ ముగిసే దాకా ఆ తల్లి ఆగగలదు, ఆగుతుంది కూడా. నిర్ణీత కాలఖండాలలో చదవడం, అంటే ముందుగా నిర్ణయించుకున్న కొన్ని నిమిషాలు పనికి, తరువాత మరికొన్ని నిమిషాలు విశ్రాంతికి కేటాయిస్తూ సాగడం అనే పద్ధతిని మనస్తత్వ శాస్త్రం దృష్టితో వివరించేవారు చాలామంది ఉన్నారు గానీ, అది మొదట ఇంటిల్లిపాదితో కుదుర్చుకునే ఒక చిన్న ఒడంబడిక అన్న సంగతిని చెప్పేవారు తక్కువ.

ప్రపంచం ఈ పద్ధతిని నేడు ఎక్కువగా పొమొదోరో అనే పేరుతో గుర్తిస్తున్నది. ఇటాలియన్ భాషలో ఆ మాటకు టమాటా అని అర్థం. 1980ల చివరి సంవత్సరాలలో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, పరీక్షల ముందు చదువు సాగక, పది నిమిషాలైనా నిజంగా చదవగలనా అని తనతో తానే పందెం కట్టుకొని, వంటింట్లో ఉడుకు సమయం చూసుకోవడానికి వాడే టమాటా ఆకారపు గడియారాన్ని తిప్పి ముందు పెట్టుకున్నాడు. ఆ పందెం వెంటనే నెగ్గలేదని ఆయనే రాసుకున్నాడు. క్రమంగా ఆ పది నిమిషాలు 25 నిమిషాలకు స్థిరపడ్డాయి; 25 నిమిషాల పని తరువాత 5 నిమిషాల విరామం, అటువంటివి నాలుగు పూర్తయ్యాక 15 నుంచి 30 నిమిషాల దీర్ఘ విరామం అన్నది ఆయన కుదిర్చిన క్రమం. ఈ క్రమంలో ముఖ్యమైన నియమం ఒకటుంది: ఒక ఖండం విడదీయరానిది, మధ్యలో లేచి వెళ్తే సగం లెక్క వేసుకోవడం కుదరదు, అది మొత్తంగా కొట్టివేయబడుతుంది. ఇరవైనాలుగు నిమిషాల గడియకూ ఇరవైఐదు నిమిషాల టమాటాకూ మధ్య తేడా ఒక్క నిమిషమే కావడం కాకతాళీయమే. ఒకరిని చూసి మరొకరు నేర్చుకున్నారని చెప్పడానికి ఆధారమేమీ లేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. ఒక మనిషి కుదురుగా కూర్చోగల వ్యవధి దాదాపు ఇంతే అని వేర్వేరు చోట్ల వేర్వేరు కాలాలలో మనుషులు గమనించి ఉండవచ్చునన్నంత వరకు ఊహించడం న్యాయం.

గడియను కొలిచిన పాత సాధనాన్ని దగ్గరగా చూస్తే ఈ విషయంలో ఇంకొక పాఠం దొరుకుతుంది. సూర్యసిద్ధాంతం వర్ణించిన ఆ సాధనం అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నె. దాన్ని శుభ్రమైన నీరున్న పాత్రలో వదిలితే, రంధ్రం గుండా నీరు ఎక్కి, అహోరాత్రంలో సరిగ్గా 60 సార్లు మునిగేటట్లు దాని కొలతలు అమరుస్తారు. మొగలుల కాలంలో నగరాలలో ఘడియాలీలు అనే ఉద్యోగులు ఆ గిన్నె మునిగిన ప్రతిసారీ కంచుపలకను మోగించేవారని బాబరు తన స్వీయచరిత్రలో వర్ణించాడు. లీలావతి కథ కూడా ఈ గిన్నె చుట్టూ అల్లుకున్నదే: భాస్కరాచార్యుడు కూతురి పెండ్లి ముహూర్తం తప్పిపోకుండా నీటిలో గిన్నె అమర్చి, దగ్గరకు పోవద్దని చెప్పగా, ఆ పిల్ల కుతూహలం పట్టలేక వంగి చూసినప్పుడు నగలోని ముత్యం ఒకటి జారి రంధ్రాన్ని మూసివేసిందనీ, గిన్నె మునగక ముహూర్తం దాటిపోయిందనీ ఆ కథ చెబుతుంది. ఇది లీలావతి గణిత గ్రంథానికి 1587లో ఫైజీ చేసిన పారసీ అనువాదం ద్వారా ప్రచారంలోకి వచ్చిన గాథే గానీ చరిత్ర కాదు. అయినా కాలాన్ని కొలిచే పరికరంలోకి తొంగిచూడటమే కాలాన్ని పోగొట్టుకోవడానికి దారి అన్న సంగతిని ఇంతకంటే బాగా చెప్పిన కథ మరొకటి లేదు. సెల్‌ఫోనులో సమయం పెట్టుకొని చదివే విద్యార్థి, ఇంకా ఎన్ని నిమిషాలున్నాయో చూద్దామని ఫోను ఎత్తడం, ఎత్తిన ఫోనులో వచ్చిన కబురు కనబడటం, ఆ కబురుకు జవాబు రాయడం, అక్కడ ముత్యం జారిపోవడం రోజూ జరిగేదే. కొంత ఖర్చయినా సరే, చప్పుడు చేసే చిన్న టేబుల్ గడియారాన్ని కొని, దాని ముఖాన్ని గోడ వైపు తిప్పి పెట్టుకోవడం మేలు.

సూరత్‌లో కాలఖండానికి కట్టుబడి కూర్చోవడాన్ని కళ్ళారా చూడదలచిన వారు గోపీపురా వంటి జైనుల పేటలకు వెళ్ళవచ్చు. సామాయికం అనే వ్రతంలో జైన గృహస్థు ఉన్ని ఆసనం పరచుకొని, నోటికి అడ్డుగా గుడ్డ పట్టుకొని, నియమం స్వీకరించి, 48 నిమిషాలు, అంటే రెండు గడియలు, లౌకిక వ్యవహారాలు విడిచి సమభావంలో కూర్చుంటాడు. ఎదుట ఇసుక గడియారమో మామూలు గడియారమో ఉంటుంది. పట్టు వ్యాపారి అయినా, వజ్రాల వ్యాపారి అయినా ఆ రెండు గడియలలో లేచి దుకాణం మాట మాట్లాడడు. ఇది చదువు కాదు, దీన్ని చదువుకు యుక్తిగా దించడం వ్రతాన్ని చిన్నబుచ్చడమే అవుతుంది. కానీ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిసిన హద్దు మనసును ఎంత తేలిక చేస్తుందో అక్కడ స్పష్టంగా కనబడుతుంది. ముగింపు తెలియని కూర్చోవడానికి మనసు మొరాయిస్తుంది, ముగింపు తెలిసినదానికి ఒప్పుకుంటుంది.

మనసు ఎంతసేపు కుదురుగా నిలుస్తుందన్న విషయానికి ఆధునిక పరిశోధనలలో దగ్గరగా వచ్చినవి రెండు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రాడార్ తెర ముందు గంటల తరబడి కూర్చునే సైనికులు కొంతసేపటికి గుర్తులను ఎందుకు గమనించలేకపోతున్నారో తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త ఒక గడియారం వంటి పరికరం తయారుచేశాడు; దాని ముల్లు అంగలు వేస్తూ పోతూ అప్పుడప్పుడు మాత్రమే ఒకేసారి రెండు అంగలు దూకుతుంది, ఆ దూకుడును గుర్తించడమే చూసేవారి పని. 1948లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మొదటి అరగంట గడిచాక గుర్తింపు స్పష్టంగా తగ్గింది. ఆ తరువాత 2011లో అరీగా, లెరాస్ అనే ఇద్దరు పరిశోధకులు, దాదాపు 50 నిమిషాలు సాగే ఒక విసుగు పనిలో మధ్యలో రెండుసార్లు క్షణకాలం వేరే పని ఇచ్చిన బృందంలో ఈ తరుగుదల కనబడలేదని తెలిపారు. రాడార్ తెర పాఠ్యపుస్తకం కాదు గనుక ఈ ఫలితాలను చదువుకు ఉన్నదున్నట్లు వర్తింపజేయడం తొందరపాటే. అయినా ఒకే వస్తువును తదేకంగా చూస్తూ పోతే అది కంటిముందు ఉంటూనే మనసులో మసకబారుతుందన్న వారి సూచన, వేసవి మొదలైన సూరత్ మధ్యాహ్నంలో భౌతికశాస్త్రం పుస్తకం ముందు కూర్చున్నవారెవరికైనా కొత్త కాదు.

మసకబారడాన్ని అర్థం చేసుకోవడానికి సాంచె కంటే మంచి బోధకుడు లేడు. బట్టలో నిలువుగా సాగే దారాల వరుసను పడుగు అనీ, అడ్డంగా నాడె తీసుకుపోయే దారాన్ని పేక అనీ అంటారు. మామూలు సాంచెలో పేక తెగినా, కండెలో దారం అయిపోయినా, దాన్ని కనిపెట్టే చిన్న ముళ్ళ అమరిక ఒకటి మగ్గాన్ని దానంతట అదే ఆపివేస్తుంది; కార్మికుడు వచ్చి, కండె మార్చి, మళ్ళీ కదిలిస్తాడు. పడుగు పోగు తెగినప్పుడు మాత్రం, ఖరీదైన యంత్రాలకు ఉండే అదనపు అమరిక లేని సాంచె ఆగదు; లయ తప్పకుండా టకటకలాడుతూనే ఉంటుంది, కార్మికుడి కన్ను పడేదాకా బట్ట పొడవునా సన్నని ఖాళీ గీత పడుతూ పోతుంది. నీటి ధారతో పేకను విసిరే కొత్త యంత్రాలు సూరత్‌లో పెరిగాక పాత సాంచెలు తగ్గుతున్నా, ఈ తేడా తెలియని నేతకార్మికుడు ఉండడు. చదువులో అంతరాయాలు కూడా ఈ రెండు రకాలే. తలుపు కొట్టిన పొరుగింటివారు, ఏడ్చిన చెల్లెలు, పోయిన కరెంటు పేక తెగడం వంటివి. పని ఆగుతుంది, ఆగిందని తెలుస్తుంది, అందువల్ల తిరిగి అతుక్కుంటుంది. కళ్ళు వరుసల వెంట నడుస్తూ ఉండగా మనసు రేపటి పరీక్ష మీదికో, ఫీజు బాకీ మీదికో పోవడం పడుగు తెగడం వంటిది. పుటలు తిరుగుతూనే ఉంటాయి, గంట గడిచాక చూస్తే బట్టంతా గీత.

కాలఖండ పద్ధతి మొదటి రకానికి చక్కగా పనిచేస్తుంది, రెండవదానికి దానంతట అది పనిచేయదు. ఈ పద్ధతిని పొగిడేవారు తరచు దాటవేసే సంగతి ఇదే. గడియారం 24 నిమిషాలు మోగకుండా ఉన్నంత మాత్రాన 24 నిమిషాలు చదివినట్లు కాదు. అందుకు గడియ చివర ఒక తనిఖీ ఉండాలి: 20 నిమిషాలు చదివి, మిగిలిన నాలుగు నిమిషాలలో పుస్తకం మూసి, చదివినదాన్ని చూడకుండా ఒక కాగితం మీద రాయడం. ఇది కేవలం తనిఖీయే కాక నేర్చుకోవడంలో భాగం కూడానని 2006లో రోడిగర్, కార్పికే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగాలు తెలుపుతాయి. ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నా, రెండు రోజుల తరువాత, వారం తరువాత పెట్టిన పరీక్షలలో చూడకుండా గుర్తుచేసుకొని రాసినవారే ముందున్నారు. సూరత్‌లో భాషల మధ్య నలిగే విద్యార్థికి ఈ నాలుగు నిమిషాల విలువ మరింత ఎక్కువ, ఎందుకంటే ఇంగ్లీషులోనో గుజరాతీలోనో చదివిన దాన్ని తెలుగులో చెప్పుకోగలిగితే అర్థమైనట్లు, చెప్పలేకపోతే మాటలు మాత్రమే కంటబడినట్లు అక్కడికక్కడే తేలిపోతుంది.

విరామం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అయిదు నిమిషాలు లేచి, నీళ్ళు తాగి, గడప దాకా వెళ్ళి రావడం చాలు. అయిదు నిమిషాలకని తెరిచిన చిన్న వీడియోలు అయిదు నిమిషాలకు ముగిసిన దాఖలా లేదు.

గడువు ఒత్తిడి సంగతి వేరు. ఒత్తిడికి మూలం సమయం తక్కువ కావడం మాత్రమే కాక, మిగిలిన సమయం ఎంతో తెలియకపోవడం కూడా. ‘గడియ తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు’ అన్న సామెత హడావుడిని గురించి చెప్పినదే అయినా, అందులోని గడియ లెక్కే మందుగా కూడా పనికివస్తుంది. సూరత్ విద్యార్థికి అసలు చదువు మొదలయ్యేది ఉత్తరాయణం గాలిపటాలు దిగాకే; జనవరి 14న పండుగ, 15న వాసీ ఉత్తరాయణం అనే రెండవ రోజు పండుగ, ఈ రెండు రోజులూ మిద్దెల మీద మాంజా దారం తప్ప పుస్తకం కనబడదు. అక్కడి నుంచి గాంధీనగర్‌లోని రాష్ట్ర బోర్డు పరీక్షలు మొదలయ్యే ఫిబ్రవరి చివరి రోజుల దాకా సుమారు 45 రోజులు ఉంటాయి. బడి సమయం పోగా రోజుకు 8 గడియలు, అంటే మూడు గంటల పన్నెండు నిమిషాలు, దక్కించుకోగలిగితే మొత్తం 360 గడియలు. అరవైతో భాగిస్తే ఆరు పూర్తి అహోరాత్రాలు. ‘ఇంకా నెలన్నర ఉంది’ అన్నప్పుడు కలిగే నిశ్చింత గానీ, ‘నెలన్నరే ఉంది’ అన్నప్పుడు పుట్టే భయం గానీ 360 అన్న అంకె ముందు నిలవవు. ఆ అంకెను విషయాల వారీగా పంచుకోవచ్చు, గణితానికి 100 ఇస్తే సాంఘిక శాస్త్రానికి ఎంత మిగులుతుందో చూసుకోవచ్చు, పూర్తయిన గడియకు గోడ మీద సుద్దతో గీత గీసుకోవచ్చు. మీటర్ల లెక్కన కూలి తీసుకునే ఇంట్లో ఈ లెక్కను ఎవరికీ విడమర్చి చెప్పవలసిన పని ఉండదు. నిద్రలో కోత పెట్టి గడియలు పెంచుకోవడం మాత్రం తప్పుడు లెక్క. రాత్రి పాళీ చేసిన కార్మికుడి చేతికి తెల్లవారుజామున పోగులు ఎందుకు ఎక్కువ తప్పించుకుంటాయో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

అన్ని పనులకూ గడియ చాలదు. జ్యామితిలో ఒక ఉపపత్తి, అంటే ఒక సత్యాన్ని మెట్టు మెట్టుగా రుజువు చేసే క్రమం, సగంలో ఉండగా గంట మోగితే లేవడం మూర్ఖత్వం. అటువంటి పనికి ముహూర్తం, రెండు గడియల నలభైఎనిమిది నిమిషాలు, సరైన కొలత. సర్దార్ వల్లభ్‌భాయి జాతీయ సాంకేతిక సంస్థ వంటి చోట్ల ఇంజనీరింగు చదివే విద్యార్థులకు ఒక ప్రోగ్రాము రాయడంలోనో, ఒక చిత్రం గీయడంలోనో మనసు పూర్తిగా లగ్నం కావడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది గనుక, వారు గడియను పట్టుకొని వేలాడటం లాభం కంటే నష్టమే చేస్తుంది. పనిని బట్టి కొలత; కొలతను బట్టి పని కాదు. సూరత్‌లో వజ్రం సానపట్టే చోటికి వెళ్తే, పనివాడు రాయిని ఘంటి అనే తిరిగే పళ్ళెం మీద క్షణకాలం ఆనించి, ఎత్తి, భూతద్దంలో చూసి, మళ్ళీ ఆనించడం కనబడుతుంది. అక్కడ కాలఖండం క్షణాలలోనే ఉంటుంది, ఎందుకంటే ఒక్క క్షణం ఎక్కువైతే పోయేది రాయి.

ఇక మిగిలిన చిక్కు పరీక్ష గదిలో ఎదురవుతుంది. పదవ తరగతి ప్రశ్నపత్రానికి 80 మార్కులు, మూడు గంటల సమయం. అంటే పరీక్ష ఒక పూర్తి జాము, అందులో విరామాలు లేవు. నెలన్నర పాటు గడియకొకసారి లేచి తిరిగిన విద్యార్థి శరీరం మొదటి పరీక్షలో 24 నిమిషాలకే బయటికి చూడటం మొదలుపెడితే ఆశ్చర్యపడనక్కరలేదు, తప్పు శరీరానిది కాదు. అందుకే చివరి రెండు వారాలలో కొలత మారాలి: మొదట గడియలను జంటలుగా కలిపి ముహూర్తాలు చేయాలి, తరువాత వారానికి రెండు మూడు సార్లైనా పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకొని పూర్తి జాము కూర్చోవాలి. ఇంట్లో అది కుదరని వారికి పాఠశాల గది, గ్రంథాలయం, గుడి అరుగు వంటివేవైనా వెదుక్కోవడం తప్పదు. తండ్రి రాత్రి పాళీకి వెళ్ళిన తరువాత ఖాళీ అయిన మంచం మీద ఆ జామును సాధించేవారూ ఉంటారు.

జాములో కూడా గడియ లెక్క పూర్తిగా పోదు. మూడు గంటలను 80 మార్కులకు పంచితే ఒక్కొక్క మార్కుకు రెండుంపావు నిమిషాలు వస్తాయి, అంటే ఒక గడియలో పది పదకొండు మార్కుల జవాబులు రాయవచ్చు. పరీక్షా కేంద్రాలలో అరగంటకొకసారి కొట్టే గంట, గిన్నె మునిగినప్పుడు ఘడియాలీ మోగించిన కంచుపలకకు ఆరు నిమిషాల దూరంలోనే ఉంది. మొదటి గంట వినబడేసరికి 13 మార్కుల జవాబులు కాగితం మీదికి వచ్చి ఉంటే, తల ఎత్తకుండా తరువాతి ప్రశ్నకు పోవచ్చు.